బరంపురంలో ఇల్లు అమ్మి, ఇంకో ఇల్లు కొనాలంటే: నా అనుభవం

ఒడిశాలోని మన బరంపురంలో మంచి వీధిలో ఇల్లు అమ్మకానికి వచ్చిందంటే బోర్డు కట్టేదాకా ఆగదు. పాత ఇల్లు అమ్మి ఇంకోటి కొనడంలో రెండు వైపులా నాకు తేలింది ఒకటే. ఎక్కువ ధర చెప్పినవాళ్లకన్నా ముందుగా రిజిస్ట్రేషన్‌కి రాగలిగినవాళ్లకే ఇల్లు దక్కుతుంది. అమ్మేవాళ్లకీ అంతే, కాగితాలు తేలని ఇంటికి పోటీ వచ్చినా నిలవదు.

అమ్మాలనుకున్న రోజే భూలేఖ్‌లో, అంటే ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్‌లో, పట్టా తీసి చూడాలి. మౌజా (రెవెన్యూ గ్రామం), ఖాతా, ప్లాటు నంబర్లు దస్తావేజుతో సరిపోవడం ఒక ఎత్తు, కిసం (భూమి రకం) గడిలో ఏముందన్నది ఇంకో ఎత్తు. ఊరి అంచుల్లో మేడ లేచి ఏళ్లయినా, పట్టాలో ఘరబారి (ఇంటి స్థలం) అని కాకుండా ఇంకా వరి పొలంగానే నడుస్తున్న ఇళ్లుంటాయి. బ్యాంకు లాయరు అక్కడే ఆపేస్తాడు. దాన్ని మార్పించడానికి ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద తహసీల్దారుకి దరఖాస్తు పెట్టాలి. బేరం కుదిరాక మొదలుపెడితే కొనేవాళ్లు పక్కింటికి పోతారు.

విస్తీర్ణం డిసిమళ్లలో రాసి ఉంటుంది. ఒక డిసిమల్ 435.6 చదరపు అడుగులు, మన గజాల్లో 48.4. బ్రోకరు ‘అయిదు డిసిమళ్లండీ’ అంటే 242 గజాలు ఉండాలి. టేపు పట్టి కొలవండి, మొహమాటం వద్దు. గోడకి గోడ ఆనుకున్న పాత వీధుల్లో ఆ ఉమ్మడి గోడ ఎవరి కొలతలోకి వస్తుందో దస్తావేజులో చూసుకోవాలి.

మనవాళ్ల ఇళ్ల బేరాలు ఎక్కువగా చెడేది వారసత్వం దగ్గర. నాన్నగారు పోయి ఏళ్లవుతుంది, పట్టా మాత్రం ఆయన పేరునే ఉంటుంది. అది ఆయన స్వార్జితమై, వీలునామా లేకపోతే భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి సమాన హక్కు. నాన్నగారి తల్లి బతికుంటే ఆవిడకీ వాటా ఉంది. శ్రీకాకుళంలోనో విశాఖలోనో కాపురముంటున్న ఆడపడుచు సంతకం లేకుండా కొంటే అది ఎప్పటికైనా కోర్టు మెట్లెక్కించే బేరమే. వారసుల ధ్రువపత్రం, ఆ తర్వాత మ్యుటేషన్ (పట్టాలో పేరు మార్పిడి), రెండూ ముందే అయిపోవాలి. వాటాలు విడదీసుకోవాలంటే అందరూ ఒప్పుకున్నప్పుడు పైన చెప్పిన భూసంస్కరణల చట్టమే 19(1)(సి) కింద తహసీల్దారు దగ్గరే పంపకం చేయించుకోవచ్చు.

పేర్ల చిక్కు ఇంకోటి. దస్తావేజులో ఇంటిపేరు ముందుంటుంది, పట్టాలో ఒడియా లిపిలో ఇంకోలా పడుతుంది, ఆధార్‌లో ఒట్టి పొడి అక్షరమే ఉంటుంది. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ రాయించి పెట్టుకోండి. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి కొన్ని కుటుంబాల మూల దస్తావేజులు తెలుగులోనే ఉంటాయి. వాటికి నోటరీ అనువాదం కూడా సిద్ధంగా ఉంటే లాయరు అభిప్రాయం త్వరగా వస్తుంది.

ఇక డబ్బు లెక్క. పోటీలో ధర పెంచేముందు ఇది కాగితం మీద వేసుకోవాలి. ఇల్లు 52 లక్షలకి ఒప్పుకున్నారు, బ్యాంకు వాల్యుయర్ దానికి 44 లక్షలే విలువ కట్టాడు అనుకుందాం. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా అప్పుకి పరిమితి ఇంటి విలువలో 80 శాతం. రెండు అంకెల్లో తక్కువదాని మీదే లెక్క, అంటే 35.2 లక్షలు. మిగతా 16.8 లక్షలు చేతిలోంచి పెట్టాలి. పైన స్టాంపు 5 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం, కలిపి 3.64 లక్షలు. ఆడవాళ్ల పేరున రాయిస్తే స్టాంపు 4 శాతమే, 52 వేలు మిగులుతాయి. ఒప్పుకున్న ధర, ప్రభుత్వ బెంచ్‌మార్క్ విలువ, ఏది ఎక్కువైతే దాని మీదే స్టాంపు. ‘కొంత బ్లాకులో ఇచ్చేయండి’ అనేవాళ్లకి నేను దండం పెట్టేస్తాను. ఆ సొమ్ముకి అప్పు రాదు, నగదుగా 20 వేలు ముట్టినా పుచ్చుకున్నవాళ్లకి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ధర 50 లక్షలైనా, ఆపైనైనా కొనేవాళ్లు అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను కింద) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవాళ్ల పాన్ కార్డు ముందే అడగండి.

రాయగడ, కొరాపుట్ వైపు చూసేవాళ్లకి ఒక మాట. ఆ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడం కుదరదు. ఇప్పటి అమ్మకందారు ఎవరైనా సరే, భూమి మొదట ఎవరిదో వెనక్కి తవ్వి చూడాల్సిందే.

ఇల్లు చూడటానికి వానల్లోనే వెళ్లండి. కొత్త రంగు చూసి మురిసిపోకండి. స్నానాల గదిపై స్లాబు అడుగున కర్రతో కొట్టి చూడండి, డొల్లగా మోగితే లోపల ఊచ తుప్పు పట్టి సిమెంటు వదిలేసిందన్నమాట. ఆషాఢంలో మనవాళ్లు బయానా ఇవ్వరు కాబట్టి ఆ నెలలో పోటీ పలచబడుతుంది. పట్టింపు లేనివాళ్లకి బేరమాడే కాలమదే.

అమ్మకం, కొనుగోలు రెండూ ఒకేసారి నడిపేటప్పుడు అమ్మే ఇంటి బయానా కాగితంలో తాళాలిచ్చే తేదీని రిజిస్ట్రేషన్ తేదీకి దూరంగా రాయించుకోండి. నేను రెండు నెలలు అడగమంటాను. ఆ గడువుకి కొంత సొమ్ము ఆపి ఉంచితే కొనేవాళ్లకీ ధైర్యం. కొనే ఇంటి బయానాలో మాత్రం ‘అప్పు మంజూరు కాకపోతే బయానా వాపసు’ అన్న ముక్క లేకుండా సంతకం పెట్టొద్దు. పాత ఇంటి మీద అప్పుంటే, అది తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగివ్వాలి. తన వల్ల ఆలస్యమైతే రోజుకి 5 వేలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నియమం. తీర్చిన రోజే ముగింపు లేఖ మీద తేదీ వేయించుకోండి.