బెంగళూరు చుట్టూ క్యాంపింగ్: టెంట్ కంటే ముందు నేల చూడండి

క్యాంప్‌సైట్ వాళ్ళు వాట్సాప్‌లో పంపే ఫోటోల్లో రంగురంగుల టెంట్లు, ముందు మంట, వెనకాల కొండ ఉంటాయి. టెంట్ కింద నేల ఎలా ఉందో కనిపించదు. రాత్రి నిద్ర పడుతుందో లేదో తేల్చేది ఆ నేలే. అందుకని అడ్వాన్స్ పంపే ముందు ఒక ఫోటో అడగండి: టెంట్ తీసేశాక ఖాళీగా ఉన్న స్థలం, పగటి వెలుగులో. ఆ ఒక్క ఫోటోతో సగం విషయం తెలిసిపోతుంది.

బెంగళూరు నుంచి వారాంతంలో వెళ్ళి రాగలిగిన దూరంలో నాలుగు రకాల నేల ఉంది. కోలార్, చిక్కబళ్ళాపురం వైపూ, ఇటు రామనగర, మాగడి వైపూ గ్రానైట్ బండ. డ్యాముల ఒడ్డున ఒండ్రు. సకలేశపుర, చిక్కమగళూరు కాఫీ తోటల్లో ఆకు రాలిన మెత్తటి మట్టి. కాస్త దూరమైనా సరే అనుకుంటే మన గండికోటలో పొరలు పొరలుగా పరుచుకున్న రాయి. ఒకే టెంట్ ఈ నాలుగు చోట్లా నాలుగు రకాలుగా ప్రవర్తిస్తుంది.

బండ మీద, బండ కింద

అంతరగంగె, స్కందగిరి, సావనదుర్గ కొండల చుట్టుపక్కల సైట్లన్నీ ఇంచుమించు ఇలాంటివే. పైకి మట్టి కనిపిస్తుంది గానీ చాలాచోట్ల అది బెత్తెడే, దాని కింద పలక బండ. టెంట్‌తో వచ్చే సన్నటి ఇనుప పెగ్, అంటే టెంట్ కదలకుండా నేలలోకి కొట్టే మేకు, రెండు మూడు అంగుళాలు దిగి ఆగిపోతుంది. సుత్తితో ఇంకా కొడితే వంగిపోతుంది. ఆ వంగిన పెగ్‌నే నమ్ముకుంటే అర్ధరాత్రి గాలికి అది ఊడి, రెయిన్‌ఫ్లై (వానకు అడ్డంగా టెంట్ పైన కప్పే గుడ్డ) చప్పట్లు కొట్టినట్టు కొట్టుకుంటుంది.

ఇలాంటి నేలకు కావలసింది తాడు. 3 లేదా 4 మిల్లీమీటర్ల నైలాన్ తాడు, ఒకటిన్నర మీటర్ల ముక్కలు పది తీసుకెళ్ళండి. పెగ్ పెట్టాల్సిన చోట తాడును కొబ్బరికాయంత రాయికి చుట్టి కట్టాలి. దాని ముందు, అంటే టెంట్ వైపు, ఇంకా పెద్ద రాయి ఒకటి ఆనించాలి. తాడు లాగినప్పుడు చిన్న రాయి వెళ్ళి పెద్ద రాయికి తన్నుకుని అక్కడే ఆగిపోతుంది. రాయి బరువుకు తాడు ఆగుతుందని ఒక్క రాయినే పైన పెడితే రాత్రంతా అది కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది. తాడు రాతి అంచుకు ఒరుసుకునే చోట పాత గుడ్డ ముక్క చుట్టండి. గ్రానైట్ అంచు గరుకు కాగితంలా తాడును కోసేస్తుంది.

ఇక నీళ్ళు. బండ వాన నీటిని పీల్చుకోదు. పైన పడిన వాన మొత్తం కిందికి దిగాల్సిందే, అదీ నిమిషాల్లో. అది ఏ దారిన దిగుతుందో బండే చెబుతుంది. పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, ఏటేటా నీళ్ళు పారే దారులు అవే. ఆ చార అంతమయ్యే చోట ఇసుక మెత్తగా, చదునుగా, పరుపులా కనిపిస్తుంది. టెంట్ వేయడానికి ఇంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది. అక్కడ మాత్రం వేయకండి. ఆ ఇసుకను అక్కడికి తెచ్చింది నీళ్ళే. చారకు పక్కగా ఐదారు మీటర్లు జరిగి, అడుగో రెండడుగులో ఎత్తున ఉన్న చోటు చూసుకోండి, కాస్త గులకరాళ్ళు ఉన్నా ఫరవాలేదు.

ఇక్కడ మనవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. కోలార్, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో చాలా ఊళ్ళలో తెలుగు మాట్లాడతారు. సైట్ మేనేజర్‌ను కాకుండా పక్క పొలంలో పని చేసుకుంటున్న పెద్దాయన్ను, "తాతా, గట్టి వాన పడితే ఈడ నీళ్ళు యాడికి పోతాయి?" అని అడగండి. ఆయన చేత్తో చూపించే దారిలో టెంట్ లేకపోతే చాలు.

బండ పగలంతా ఎండ తాగి రాత్రి వదులుతుంది. డిసెంబర్‌లో అది హాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో బండ మీద టెంట్ వేస్తే అర్ధరాత్రి దాకా కింద నుంచి సెగ వస్తూనే ఉంటుంది, మట్టి మీదికి మార్చుకోవడమే మార్గం. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుముల వానలు కూడా ఎక్కువ. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే బండ దిగి కారులో కూర్చోవాలి. టెంట్ పిడుగు నుంచి ఏమాత్రం కాపాడదు. చివరి ఉరుము విన్న తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి.

కొండ చరియల కింద అర్ధచంద్రాకారంలో వేలాడే పెద్ద తేనెపట్టులు ఈ ప్రాంతమంతా ఉంటాయి. పట్టు కనిపించిన వైపు మంట వేయకూడదు, పొగ వాటిని రేపుతుంది. డ్రోన్ ఎగరేయకూడదు. ఈగలు మీద పడితే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తి కారులోకి వెళ్ళిపోవాలి. నీళ్ళలోకి దూకితే లాభం లేదు, పైకి తేలేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి.

ఇంకొక సంగతి. కొండ ఎక్కడానికి ఆన్‌లైన్‌లో ఇచ్చే అటవీ శాఖ టికెట్ పగటి ప్రవేశానికే. రాత్రి కొండ మీద టెంట్ వేసుకోవడానికి అది అనుమతి కాదు. సైట్ పట్టా భూమిలో ఉందా, అటవీ భూమిలో ఉందా అని ఫోన్‌లోనే అడగండి. జవాబు నీళ్ళు నమిలినట్టు వస్తే వేరే సైట్ చూసుకోండి.

డ్యాముల ఒడ్డు

మంచనబెలె లాంటి చోట్ల పొద్దుటి దృశ్యం బాగుంటుంది కాబట్టి అందరూ నీటి అంచునే టెంట్ కావాలంటారు. నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, రెండు మూడు మీటర్ల ఎత్తులో వేయమని గట్టిగా చెబుతాను. చల్లగాలి బరువు ఎక్కువ, రాత్రి అది పల్లంలోకి దిగి నీటి ఒడ్డునే పేరుకుంటుంది. పైగా తేమ. లోపల పడుకున్న వాళ్ళ ఊపిరిలోని ఆవిరి చల్లటి ఫ్లైకి తగిలి బొట్లుగా మారి మీదే పడుతుంది. తెల్లవారి "టెంట్ కారింది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు నిజానికి ఇదే. చలిగా ఉందని పై కిటికీలు మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది. రెండు వైపులా వెంట్ తెరిచి ఉంచి, ఫ్లైకీ లోపలి గుడ్డకూ మధ్య బెత్తెడు ఖాళీ ఉండేలా తాళ్ళు బిగించండి.

ఒండ్రు నేల ఎండినప్పుడు పెగ్‌ను బాగా పట్టుకుంటుంది, తడిస్తే వెన్నలా వదిలేస్తుంది. ఇక్కడ సన్నటి పెగ్ పనికిరాదు. వై ఆకారంలో ఉండే వెడల్పాటి పెగ్గులు, కనీసం 20 సెంటీమీటర్లవి, టెంట్‌కు దూరంగా వాలేలా ఏటవాలుగా కొట్టాలి.

ఈత మాత్రం వద్దు. మంచనబెలెలో మునిగిపోయిన వాళ్ళు చాలామంది. ఒడ్డున మోకాలి లోతు ఉన్న బురద నేల ఉన్నట్టుండి తెగిపోతుంది, అడుగున కాళ్ళు కూరుకుపోతాయి. ఈత వచ్చినవాళ్ళనూ ఆ బురద వదలదు. పుట్టి ఎక్కినా, కయాక్ ఎక్కినా లైఫ్‌జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. సైట్‌లో జాకెట్లు మనుషుల లెక్కకు సరిపోకపోతే ఎక్కనే వద్దు.

కాఫీ తోటలు

నేల పరంగా టెంట్‌కు ఇంతకంటే సుఖమైన చోటు లేదు. పెగ్ చేత్తో నొక్కినా దిగుతుంది. ఇక్కడ చూడాల్సింది పైన. నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్లలో ఎండిన కొమ్మలు గాలికి విరిగి పడతాయి, వాటి కింద టెంట్ వేయకండి. తోట యజమాని కాఫీ ఆరబోసే కళ్ళం మీద వేసుకోమంటే ఒప్పుకోండి. సిమెంట్ మీద పెగ్ దిగదు గానీ రాళ్ళతో కట్టుకోవచ్చు, జలగలు కూడా తక్కువ.

జలగలు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. పంజాబీ డ్రెస్సయినా ప్యాంటయినా, మోకాలి దాకా వచ్చే దగ్గర నేత లీచ్ సాక్స్ వాటిపైకి లాగి తొడుక్కోవాలి. మామూలు సాక్స్ నేతలోంచి జలగ దూరుతుంది. పట్టుకున్నదాన్ని నిప్పుతో కాల్చడం, ఉప్పు పోయడం కంటే గోరుతో సన్నటి చివర దగ్గర పక్కకు తోసేయడం మేలు. లేకపోతే అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది.

జనవరి నుంచి మే వరకు మలెనాడులో, అంటే ఈ కాఫీ తోటలున్న కొండ ప్రాంతంలో, భయపడాల్సింది జలగలకు కాదు, పిడుదులకు. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడిన కోతి జ్వరం ఎక్కువగా వీటి కాటు వల్ల వస్తుంది. ఎండుటాకుల మీద నేరుగా కూర్చోకండి. చుట్టుపక్కల కోతులు చనిపోయాయని తెలిస్తే ఆ సైట్ రద్దు చేసుకోండి. తిరిగొచ్చిన వారం రోజుల్లో తీవ్రమైన జ్వరం వస్తే, ఏ ప్రాంతానికి వెళ్ళొచ్చారో డాక్టరుకు చెప్పండి.

సకలేశపుర చుట్టూ ఏనుగులు తోటల్లోకి వస్తాయి. పనస పండు, అరటి గెల, బెల్లం టెంట్‌లో ఉంచకండి. కారు డిక్కీలోనూ వద్దు, తోట ఇంట్లో పెట్టించండి.

గండికోట

బెంగళూరు నుంచి సుమారు 280 కిలోమీటర్లు, జమ్మలమడుగుకు 15 కిలోమీటర్లు. పెన్నా లోయ చూసిన కన్ను ఇంకొక చోటికి తిరగదు, నిజమే. కానీ ఇక్కడ గాలికి అడ్డం ఏమీ లేదు. అంచుకు దగ్గరగా వేయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు: లోయలోంచి పైకి ఎగదన్నే గాలి ఫ్లై కిందికి దూరి టెంట్‌ను గొడుగులా ఎత్తేస్తుంది, పైగా రాత్రి లేచి నిద్రమత్తులో ఎటు నడుస్తున్నామో తెలియదు. కోట వైపు, గోడో గుట్టో చాటున వేయండి. టెంట్ పొట్టి వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలికి వెనకగా ఉండాలి.

టెంట్‌ను నిలబెట్టే ఫైబర్‌గ్లాస్ పోల్ విరిగేది ముక్కలు కలిసే చోట. 12 సెంటీమీటర్ల అల్యూమినియం గొట్టం ముక్క ఒకటి, పోల్ కంటే కాస్త వెడల్పుది, దాంతోపాటు గట్టి గుడ్డ టేపు దగ్గర ఉంటే విరిగిన చోట తొడిగి, రెండు వైపులా టేపు చుట్టి తెల్లారేదాకా నెట్టుకురావచ్చు. నవంబర్ నుంచి జనవరి దాకా వెళ్ళండి. ఎండాకాలంలో పగలు టెంట్‌లో కూర్చోవడం సాధ్యం కాదు.

ఎక్కడికెళ్ళినా

అద్దె టెంట్ తీసుకుంటే ముందు రోజే మేడ మీద ఒకసారి వేసి చూడండి. పెగ్గులు లెక్కపెట్టండి, పన్నెండు కంటే తక్కువ ఉంటే కొనుక్కోండి. జిప్పులు రెండు వైపులా లాగండి. పైపుతో పది నిమిషాలు నీళ్ళు కొట్టి, కుట్ల దగ్గర లోపల చెయ్యి పెట్టి తడుముకోండి. కుట్టు మీద అంటించిన పట్టీ లేచిపోయి ఉంటే ఆ టెంట్ వానాకాలానికి పనికిరాదు. బెంగళూరులో ఎక్కువ వాన సెప్టెంబర్, అక్టోబర్‌లలో పడుతుందని గుర్తుంచుకోండి, దసరా సెలవులకు బుక్ చేసుకునేవాళ్ళు మరీ.

కింద పరిచే గ్రౌండ్‌షీట్ టెంట్ అడుగు కంటే చుట్టూ ఐదు సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. పెద్దది పరిచి అంచులు బయటికి వదిలితే ఫ్లై మీంచి జారిన నీళ్ళన్నీ దాని మీద పడి మీ కిందికే వస్తాయి. దాని పైన టెంట్, లోపల ఫోమ్ మ్యాట్. చలి ఎక్కువగా కింద నుంచే వస్తుంది. రెండు దుప్పట్లు కప్పుకోవడం కంటే ఒకటి కింద వేసుకోవడం మేలు. గాలి నింపే పరుపు మెత్తగా ఉంటుంది గానీ లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకడుతుంది, దాని మీద ఫోమ్ షీట్ వేయాల్సిందే.

నలుగురికి ఒక రాత్రికి ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఒకటి సరిపోతుంది, తాగడానికీ వండడానికీ. కడుక్కోవడానికి వేరే చూసుకోవాలి. గాలి లేకపోతే లీటరు నీళ్ళు మరగడానికి పది, పదిహేను గ్రాముల గ్యాస్ ఖర్చవుతుంది, గాలిలో రెట్టింపు కూడా కావచ్చు. అందుకే 230 గ్రాముల డబ్బా ఒకటి వాడకానికి, ఒకటి అదనంగా. గాలికి అడ్డం పెట్టేటప్పుడు స్టవ్‌తో పాటు డబ్బా చుట్టూ కూడా రేకు మూసేయకూడదు, డబ్బా వేడెక్కి పేలుతుంది. రాత్రి భోజనానికి ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటే చింతపండు వల్ల మర్నాటి దాకా పాడవదు. పెరుగన్నం కలిపి తేకండి.

మిగిలిన బొగ్గులు చలికని కుంపట్లో వేసి టెంట్‌లోకి తెచ్చుకోవడం ప్రాణం మీదికి వస్తుంది. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, నిద్రలోంచి లేపదు. మంటకు టెంట్ ఐదు మీటర్ల దూరంలో ఉండాలి. పడుకునే ముందు నీళ్ళు పోసి, కలిపి, బూడిద మీద చెయ్యి పెట్టగలిగేంత చల్లార్చండి.

టెంట్ జిప్ రాత్రి పూర్తిగా మూసి ఉంచాలి, మూత్రానికి లేచినప్పుడు కూడా. నేల మీద పడుకున్న వాళ్ళను కరిచేది ఎక్కువగా కట్లపాము. కాటు నొప్పి ఉండదు, వాపు రాదు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే పాము కనిపించలేదని ఆగవద్దు. కట్టు కట్టవద్దు, కోయవద్దు, నేరుగా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి. అది ఏ ఊళ్ళో ఉందో వెళ్ళే ముందే ఫోన్ చేసి కనుక్కుని రాసిపెట్టుకోండి. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోండి, తేళ్ళు వెచ్చదనానికి దూరుతాయి.

పొద్దున టెంట్ తడిగానే మడవాల్సి వస్తే మడవండి, కానీ ఇంటికి చేరిన రోజే బాల్కనీలో దండెం మీద విప్పి వేయాలి. తడిగా సంచిలో వారం ఉంటే లోపలి వైపు పూసిన పూత జిగటగా మారి పొలుసులుగా ఊడుతుంది, బూజు వాసన వదలదు. ఎండలో గంటల తరబడి వేయకండి, నీడలో ఆరనివ్వండి. పోల్స్ మడిచేటప్పుడు చివర నుంచి కాకుండా మధ్య నుంచి మొదలుపెడితే లోపలి సాగే తాడు సమంగా లాగబడి ఎక్కువ కాలం మన్నుతుంది. పెగ్గులకు అంటిన మట్టి కడిగి, మళ్ళీ లెక్కపెట్టి సంచిలో వేయండి.