పంచరత్నాల్లో నా గొంతు

పదకొండేళ్ళప్పుడు టీవీ పాటల పోటీలో గెలిచాను. ఆ తర్వాత మూడేళ్ళపాటు మా ఇంట్లో శాలువాలు దాచడానికి బీరువా చాల్లేదు. పద్నాలుగో ఏట గొంతు మారింది. కబురు చేస్తామన్న వాళ్ళు చేయలేదు. వాళ్ళ తప్పు కూడా ఏం లేదులెండి, వాళ్ళకి కావాల్సింది ఆ చిన్నపిల్లాడి గొంతు. అది నా దగ్గరే లేదు మరి.

ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. విజయవాడలో మా మేడ మీద పదిహేనుమంది పిల్లలకి సంగీతం చెప్తాను. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు గుర్తుపట్టి, "నువ్వు అప్పట్లో టీవీలో పాడినవాడివి కదూ? ఇప్పుడేం చేస్తున్నావ్?" అంటారు. ఆ రెండో ప్రశ్నకి జవాబు ఇరవై ఏళ్ళుగా కూడబలుక్కుంటూనే ఉన్నాను.

తమిళనాడులోని తిరువయ్యారు మొక్కు మా అమ్మది. నేను గెలిస్తే త్యాగయ్య సమాధి దగ్గర పాడిస్తానని మొక్కుకుంది. గెలిచాక తీరిక దొరకలేదు. తీరిక దొరికాక మొహం చెల్లలేదు. ఈ పుష్య బహుళ పంచమికి, అంటే అక్కడ త్యాగయ్య ఆరాధన జరిగే రోజుకి, ఎలాగైనా వెళ్ళాల్సిందేనని అమ్మ పట్టుబట్టి, తనే టికెట్ తీయించింది. మోకాళ్ళ నొప్పులతో తను మాత్రం రాలేకపోయింది.

చెన్నైలో రైలు మారి తంజావూరులో దిగాను. అక్కణ్ణుంచి బస్సులో అరగంట పైన పట్టింది. దారంతా వంతెనలే. ఒక నది దాటామనుకునేలోపు ఇంకోటి వస్తుంది. అయిదు నదుల ఊరు కాబట్టే తిరువయ్యారు అని పేరు. పక్క సీటాయన వేళ్ళు మడిచి ఒక్కో నది పేరూ చెప్పాడు. కావేరి తప్ప నాకేదీ గుర్తులేదు.

పంచమినాడు తెల్లారకుండానే తిరుమంజన వీధిలో త్యాగయ్య ఉన్న ఇంటి దగ్గరికి వెళ్ళాను. ఆయన తంబురా పట్టుకుని ఈ వీధుల్లోనే పాడుతూ, ఇచ్చిన గుప్పెడు బియ్యం తెచ్చుకునేవారు. ఆ ఉంఛవృత్తినే ఇప్పటికీ భజనగా ఆ ఇంటి నుంచి సమాధి దాకా నడిపిస్తారు. ఒక గుమ్మం ముందు ఒకావిడ తడి ముగ్గు తొక్కకుండా ఓ పక్కగా నిలబడి బియ్యం పోసింది. పాడుతున్నది ఎవరా అని తలెత్తైనా చూడలేదు. పోసి, చేతులు జోడించి, లోపలికి వెళ్ళిపోయింది. నాకు చిన్నతనం నుంచీ పాటంటే ఎదుటివాళ్ళ మొహంలోకి చూడటమే. ఆవిడ చూడకపోవడం నాకెందుకో గుచ్చుకుంది.

కావేరి ఒడ్డున సమాధికి ఎదురుగా బెంగుళూరు నాగరత్నమ్మ గారి సమాధి ఉంది. కచేరీలతో పేరూ డబ్బూ గడించిన మనిషి. 1920లలో ఇక్కడ త్యాగయ్య సమాధి పాడుబడి ఉందని తెలిసి, స్థలం కొని, సొంత డబ్బుతో గుడి కట్టించింది. ఆరాధనలో ఆడవాళ్ళని పాడనివ్వకపోతే పోరాడింది. చివరికి ఈ ఊళ్ళోనే ఉండిపోయి, 1952లో కన్నుమూసింది. ఆవిడ విగ్రహం ఇప్పటికీ త్యాగయ్య వైపే చూస్తూ ఉంటుంది. నిజం చెప్పాలంటే అసలు సమాధి దగ్గర కంటే నేను అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాను.

పందిట్లో ముందు వరుసల్లో విద్వాంసులు ఎదురెదురుగా కూర్చున్నారు. నాకు వెనకెక్కడో, గుంజ పక్కన ఇసుకలో చోటు దొరికింది. నాదస్వరం అయింది, వేణువులు అయ్యాయి, పంచరత్నాలు, అంటే త్యాగయ్య అయిదు రాగాల్లో కట్టిన అయిదు కృతులు, నాట రాగంతో మొదలయ్యాయి. వందల గొంతులు ఒక్కసారిగా లేచాయి. మొదటి కృతి అంతా నేను గమకాలు చూపిస్తూ పాడానని ఒప్పుకోవాలి. ఎవరైనా గుర్తుపడతారేమోనని.

రెండోది గౌళ రాగంలో "దుడుకు గల". మూడో చరణమో నాలుగో చరణమో, సాహిత్యం తప్పిపోయాను. తెలుగువాణ్ణి, సంగీతం మాస్టర్ని! పక్కనున్న డెబ్బై ఏళ్ళ పెద్దాయన పాట ఆపకుండానే తన పుస్తకం నా ఒళ్ళోకి జరిపి, వేలు పెట్టి చూపించాడు. అంతా తమిళ లిపి. అక్షరాల నెత్తిన 2, 3, 4 అని చిన్న చిన్న అంకెలు. తమిళంలో క, గ లకి ఒకటే అక్షరం కదా, ఏది ఎలా పలకాలో తెలియడానికి ఆ గుర్తులు. నాకు ఒక్క ముక్క చదవడం రాలేదు. ఆయన పెదాలు చూస్తూ నా భాష నేను అందుకున్నాను.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ మాట. ఇతరుల డబ్బు కోసం వాళ్ళ మనసు కరిగేలా పలికి, కడుపు నింపుకుంటూ తిరిగానని త్యాగయ్య తనని తాను తిట్టుకునే చోటు. పదకొండేళ్ళప్పుడు స్టేజీ మీద "ఇక్కడ కాస్త ఏడువు నాన్నా, బావుంటుంది" అని ఒకరు చెప్పారు. ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఆ చరణం పిల్లలకి ఎన్నిసార్లు నేర్పానో, అర్థం కూడా చెప్పాను. ఎప్పుడూ తగల్లేదు.

మూడోదైన ఆరభి నుంచి నా గొంతు నాకు వినిపించలేదు. పక్కాయన తాళం, ముందెక్కడో ఓ చంటిపిల్ల ఏడుపు, వయొలిన్లు, అన్నీ కలిసిపోయిన ఒకటే శ్రుతి. శ్రీరాగం ముగిసేసరికి కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను.

పెద్దాయన చెయ్యిచ్చి లేపి, "తంబి, దుడుకు అంటే ఏంటి?" అని అడిగాడు, వచ్చీరాని తెలుగులో. తప్పు పనులు, తొందరపాటు పనులు సార్ అని చెప్పాను. ఇన్నేళ్ళుగా పాడుతున్నా అర్థం ఇవాళే తెలిసిందని నవ్వాడు. నాలుగోది, వరాళి రాగంలోది, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాను. గురువు వరాళి నేర్పితే శిష్యుడితో బంధం చెడుతుందని ఒక నమ్మకం, అందుకే నేనూ పిల్లలకి ఆ ఒక్కటీ చెప్పలేదు. "ఇక్కడే, ఈ ఇసుకలో కూర్చుని" అన్నాడు.

ఇంటికొచ్చి ఫోన్‌లో తీసిన రికార్డింగ్ అమ్మకి వినిపించాను. "ఇందులో నువ్వెక్కడరా?" అంది. రెండోసారి పెట్టమంది. దొరకలేదు.

వచ్చే ఏడాది పిల్లల్ని తీసుకెళ్దామని క్లాసులో చెప్పాను. ఒక తండ్రి ఆగి, "అక్కడ పోటీ ఏమైనా ఉంటుందా మాస్టారూ? సర్టిఫికెట్ ఇస్తారా?" అని అడిగారు. లేదన్నాను. "టీవీలో కనపడతారా మరి?" అంత వెనక కూర్చుంటే కనపడరన్నాను. ఇప్పటికి ముగ్గురు పేర్లిచ్చారు.