టీసీ చేతికి రావడానికి పదకొండు రోజులు

నిన్న మధ్యాహ్నం ఖాతాలో 2,05,000 రూపాయలు పడ్డాయి. హాస్టల్‌కి కట్టిన 1,10,000 ఇంకా రావాలి. మా మేనకోడలికి 2024 వేసవిలో ఒక చిన్న ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ సీటు ఖాయం చేశాం. తర్వాత ఎప్‌సెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ద్వారా ప్రభుత్వం నింపే కన్వీనర్ కోటాలో వేరేచోట సీటు రావడంతో దాన్ని వదులుకున్నాం. చేరడానికి రెండు పూటలు పట్టింది. బయటపడడానికి రెండు నెలలు పట్టింది.

చేరే పనిలో కష్టమేమీ లేదు. ఆన్‌లైన్ దరఖాస్తు, ఇంటర్ మార్కుల మీద స్కాలర్‌షిప్ శ్లాబు, సీటు ఆపడానికి 25,000. తర్వాత మిగతా ఫీజు. అంతే. ఆ యూనివర్సిటీ చదువు గురించి నాకు ఫిర్యాదు లేదు. సెక్షన్‌కి అరవై మంది, మొదటి సెమిస్టర్ నుంచే ప్రాజెక్టు, వేరే విభాగం నుంచి మైనర్ (అదనపు చదువు) తీసుకునే వీలు. పెద్ద కాలేజీల్లో ఇవి అంత తేలిగ్గా దొరకవు. కన్వీనర్ సీటు రాకపోతే అక్కడే చదివేది.

చేరేముందు చూడాల్సినవి రెండు మూడున్నాయి. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వెబ్‌సైట్‌లో రాష్ట్ర ప్రైవేటు యూనివర్సిటీల జాబితాలో పేరుందో లేదో చూసుకోండి. బీటెక్‌కి యూనివర్సిటీ తన సొంత విభాగాల్లో ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) అనుమతి ముందుగా తీసుకోనక్కర్లేదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది కాబట్టి అది లేదని కంగారు పడకండి. లా అయితే బార్ కౌన్సిల్, ఫార్మసీ అయితే ఫార్మసీ కౌన్సిల్ ఆమోదం మాత్రం తప్పనిసరి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ ఉంటే ముందే తేల్చుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు యూనివర్సిటీల సీట్లలో 35 శాతం ఎప్‌సెట్ కన్వీనర్ ద్వారా భర్తీ అవుతాయి, ఆ సీటుకి రీయింబర్స్‌మెంట్ ఉందో లేదో అడగండి. తెలంగాణలో మేం చేరినచోట రీయింబర్స్‌మెంట్ వర్తించదని అడ్మిషన్ రోజే సంతకం పెట్టించుకున్నారు. స్కాలర్‌షిప్ రెండో ఏడాది కొనసాగాలంటే ఎంత సీజీపీఏ (సెమిస్టర్ల సగటు గ్రేడు) ఉండాలో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట పనికిరాదు.

ఇక అసలు సంగతి. ఫీజు కట్టిన రోజు అడ్మిషన్ సెల్‌లో పదో తరగతి మెమో, ఇంటర్ లాంగ్ మెమో, టీసీ ఒరిజినల్స్ అడిగారు. "వెరిఫికేషన్ కోసం అన్నా, రేపిచ్చేస్తం" అన్నారు. ఇచ్చాం. నేను చేసిన పెద్ద తప్పు అదే. మెమోలు రెండో రోజు ఇచ్చేశారు, టీసీ ఇవ్వలేదు. టీసీ ఎవరి దగ్గరుంటే పిల్ల వాళ్ల చేతిలో ఉన్నట్టే. కన్వీనర్ సీటుకి ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, సీటు తీసుకుంటున్నామని అక్కడే సెల్ఫ్ రిపోర్టింగ్ చేస్తే సరిపోదు. చివరి విడత అయ్యాక కాలేజీకి వెళ్లి ఒరిజినల్ టీసీ ఇవ్వాలి. గడువు దాటితే సీటు పోతుంది. ఆ గడువు యూనివర్సిటీ వాళ్లకీ తెలుసు.

రద్దు చేసుకుంటామని వెళ్లిన రోజు కౌంటర్‌లో ఒక తెల్లకాగితం ఇచ్చి, పిల్లచేత రాయించమని చెప్పడం మొదలుపెట్టారు. "నా స్వంత కారణాల వల్ల అడ్మిషన్ రద్దు చేసుకుంటున్నాను" వరకు బాగానే ఉంది. తర్వాతి వాక్యం, "కట్టిన ఫీజు విషయంలో ఎలాంటి క్లెయిమ్ చేయను." పిల్ల పెన్ను పట్టుకుని నా మొహం చూసింది. ఆ వాక్యం రాయదని చెప్పాను. "అయితే టీసీ రాదు" అన్నారు. నలుగురు తల్లిదండ్రులు వెనక నిలబడి ఉండగా, ఏదో ఎగ్గొట్టడానికి వచ్చినవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడారు. మా పక్కనున్న ఒక తల్లి ఆ వాక్యం రాసి సంతకం పెట్టించి, టీసీ తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ ఎంత కట్టి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నిబంధన చాలా స్పష్టంగా ఉంది. మేం చేరిన 2024-25 విద్యాసంవత్సరానికి యూజీసీ చెప్పింది ఇది: సెప్టెంబర్ 30 లోపు రద్దు చేసుకుంటే అన్ని చార్జీలతో కలిపి పూర్తి ఫీజు వెనక్కివ్వాలి. అక్టోబర్ 31 వరకైతే 1,000 రూపాయలకు మించి కోయకూడదు. ఆ తర్వాత 2018 అక్టోబర్ నోటిఫికేషన్‌లోని లెక్క వర్తిస్తుంది. అందులో యూనివర్సిటీ ప్రకటించిన అడ్మిషన్ల చివరి తేదీకి పదిహేను రోజులో అంతకన్నా ఎక్కువో ముందైతే 100 శాతం (ప్రాసెసింగ్ కింద 5 శాతం, గరిష్ఠంగా 5,000 పట్టుకోవచ్చు), పదిహేను రోజుల్లోపు ముందైతే 90, తేదీ దాటి పదిహేను రోజుల్లోపైతే 80, ముప్పై రోజుల్లోపైతే 50, అది కూడా దాటితే సున్నా. కాషన్ డిపాజిట్ (హామీగా కట్టే సొమ్ము) ఈ లెక్కలోకి రాదు, అది మొత్తం ఇవ్వాల్సిందే. రాతపూర్వక దరఖాస్తు అందిన పదిహేను రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి అక్కడే వెనక్కివ్వాలి, దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ అందులోనే ఉన్నాయి. ఆ కాగితం ప్రింట్ తీసి కౌంటర్ మీద పెడితే, "ఇది మాకు కాదన్నా, గవర్నమెంట్ కాలేజీలకు" అన్నారు. అది అబద్ధం. యూజీసీ జాబితాలో ఉన్న ప్రతి యూనివర్సిటీకీ వర్తిస్తుంది.

రెండో రోజు పద్ధతి మార్చాను. మీరు మొదటి రోజే ఇలా చేయండి. దరఖాస్తు రెండు కాపీలు. అందులో అడ్మిషన్ నంబరు, కట్టిన ప్రతి రసీదు నంబరు, తేదీ, మొత్తం, ఏ పద్దు కింద కట్టారో రాయాలి. మావి ట్యూషన్ 1,80,000, అడ్మిషన్ ఫీజు 15,000, కాషన్ డిపాజిట్ 10,000, హాస్టల్ 1,10,000. టీసీ వెనక్కివ్వమని ఒక పేరా, ఫీజు వెనక్కివ్వమని ఇంకో పేరా. రెంటినీ ఒకే వాక్యంలో కలపొద్దు, కలిపితే ఒకదాని కోసం ఇంకోటి ఆపుతారు. అడ్మిషన్ సెల్‌లో కాదు, రిజిస్ట్రార్ ఆఫీసు ఇన్‌వర్డ్‌లో (వచ్చిన కాగితాలు నమోదు చేసే చోట) ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, నంబరు, తేదీ వేయించుకోవాలి. అదే రోజు అదే దరఖాస్తు స్కాన్ చేసి రిజిస్ట్రార్‌కి ఈమెయిల్. పదిహేను రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది. కౌంటర్‌లో మాట్లాడిన మాటలకు లెక్కా లేదు, తేదీ లేదు.

తర్వాత నో డ్యూస్ ఫారం, అంటే బాకీలేమీ లేవని సంతకాలు చేయించే కాగితం. క్లాసులే మొదలుకాలేదు, అయినా లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్, ఐటీ, అకౌంట్స్, అన్నిచోట్లా సంతకాలు కావాలి. అయిదు సంతకాలకు మూడు సార్లు తిరిగాం. వార్డెన్ సెలవు, లైబ్రరీలో స్టాంపు లేదు, అకౌంట్స్‌లో "మిగతా నాలుగూ అయ్యాకే రండి". ఈ ఫారం మొదటి రోజే అడిగి తీసుకోండి, టీసీ కోసం వెళ్లినప్పుడల్లా ఒక్కో సంతకం చేయించుకోవచ్చు. టీసీ పదకొండో రోజు ఇచ్చారు. అది కూడా నేను ఈమెయిల్‌లో ఎప్‌సెట్ రిపోర్టింగ్ గడువు తేదీ రాసి, టీసీ ఆపడం వల్ల సీటు పోతే బాధ్యత మీదేనని రిజిస్ట్రార్ పేరుతో పంపాకే.

ఈ మధ్యలో ఇద్దరు ముగ్గురు నాకొక సలహా ఇచ్చారు: టీసీ పోయిందని అఫిడవిట్ ఇచ్చి ఇంటర్ కాలేజీలో డూప్లికేట్ తీసుకోమని. ఆ పని చేయకండి. పోని కాగితాన్ని పోయిందని ప్రమాణం చేసి రాయడం నేరం. మన పిల్లల చదువు తప్పుడు కాగితంతో మొదలుకాకూడదు.

డబ్బు మరో పీటముడి. ఫీజు నా ఖాతా నుంచి కట్టాను, రీఫండ్ ఫారంలో విద్యార్థి ఖాతా అడిగారు. పేర్లు కలవక ఒకసారి ఫైలు వెనక్కి తిరిగింది. ఎవరి ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతా క్యాన్సిల్డ్ చెక్కు, ఆ లావాదేవీ యూటీఆర్ నంబరు (బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు), విద్యార్థి సమ్మతి లేఖ మూడూ జతచేస్తే ఆ గొడవ ఉండదు. అసలు ఫీజు విద్యార్థి ఖాతా నుంచే కడితే ఇంకా మంచిది. పదిహేను రోజులు గడిచాయి, కదలిక లేదు. "ఫైనాన్స్‌లో ఉంది" అన్నారు, తర్వాత అడ్మిషన్ ఫీజు 15,000 రాదన్నారు, తర్వాత మొత్తం మీద పది శాతం కోస్తామన్నారు. అప్పుడు యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. ఇన్‌వర్డ్ స్టాంపు ఉన్న కాపీ, రసీదులు, ఈమెయిల్ అన్నీ ఎక్కించాను. ఆ ఫిర్యాదు నంబరు రిజిస్ట్రార్‌కి పంపిన తర్వాతే గొంతు మారింది. పది శాతం మాట మళ్లీ రాలేదు. 15,000తో సహా వచ్చింది.

హాస్టల్ డబ్బు దగ్గర మాత్రం ఇరుక్కున్నాం. రసీదు ఇప్పుడు జాగ్రత్తగా చూస్తే యూనివర్సిటీ పేరు లేదు. హాస్టల్ నడిపే వేరే సంస్థ పేరు, వేరే ఖాతా. కౌంటర్‌లో ఒకే మనిషి, ఒకే కంప్యూటర్ ముందు, రెండు క్యూఆర్ కోడ్‌లు చూపించి కట్టించాడు. మేం గమనించలేదు. "వాళ్లతో మాట్లాడుకోండి" అంటున్నారు యూనివర్సిటీ వాళ్లు. ఆ సంస్థ వాళ్లు మూడు నెలల అద్దె కోసి మిగతాది ఇస్తామంటున్నారు. పిల్ల ఆ హాస్టల్లో ఒక్క రాత్రి పడుకోలేదు. మీరు కట్టేటప్పుడు ప్రతి రసీదు మీద పైన ఎవరి పేరుందో చదవండి. హాస్టల్ ఫీజు క్లాసులు మొదలయ్యే వారం వరకు కట్టకండి, గది అయిపోతుందని ఎంత భయపెట్టినా సరే. ఆ సంస్థకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను, కాపీ రిజిస్ట్రార్‌కి కూడా. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మొన్న శనివారం వచ్చింది. జవాబు రాకపోతే వచ్చే నెల జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తున్నాను, రసీదులన్నీ అదే ఫైల్లో ఉన్నాయి.