క్రాస్ కంట్రీ స్కీ ఇన్‌స్ట్రక్టర్ లెవెల్ 1: నా అనుభవం

స్కీయింగ్ అనగానే మనవాళ్లకి గుల్‌మార్గ్‌లో కొండ మీంచి జారడమే గుర్తొస్తుంది. ఇక్కడ మినియాపొలిస్‌లో ఎక్కువగా కనిపించే క్రాస్ కంట్రీ వేరు. బూటు ముని భాగం మాత్రమే స్కీకి తగులుకుంటుంది, మడమ లేస్తుంది. లిఫ్టు ఉండదు. ఎక్కినా దిగినా మన కాళ్లే దిక్కు. అమెరికాలో దీన్ని నేర్పేవాళ్లకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ 1961లో మొదలైన పీఎస్‌ఐఏ (ప్రొఫెషనల్ స్కీ ఇన్‌స్ట్రక్టర్స్ ఆఫ్ అమెరికా). మొత్తం మూడు లెవెళ్లు. నేను పూర్తి చేసింది మొదటిది.

సభ్యత్వం, ఆన్‌లైన్ పాఠాలు ఇంట్లో కూర్చుని ముగించుకోవచ్చు. ఆ తర్వాత మంచు మీద పరీక్ష. మనుషులతో మెలిగే తీరు, నేర్పే తీరు, సాంకేతిక పట్టు అని మూడు రకాలుగా చూస్తారు. సిద్ధమయ్యేవాళ్లు చాలామంది తమ వేగం పెంచుకోవడం మీదే పడతారు. ఆ సమయంలో సగమైనా ఎదుటివాళ్ల కదలిక చూడటానికి పెట్టమంటాను. తప్పు ఎక్కడ మొదలైందో కనిపెట్టడమే ఈ పరీక్షలో కష్టమైన భాగం.

ఒక ఉదాహరణ. క్లాసిక్ పద్ధతిలో, అంటే స్కీలు రెండూ సమాంతరంగా ఉంచి నడకలా ఒకదాని తర్వాత ఒకటి ముందుకి జార్చుతూ, మంచులో వేసిన గాడిలో వెళ్తున్న మనిషికి ప్రతి అడుగులోనూ స్కీ వెనక్కి జారుతోంది. వ్యాక్స్ (స్కీ మంచుని పట్టుకునేలా పాదం కింది భాగంలో పూసే మైనం) బాగాలేదంటాడు. ముందు తప్పు సామానుదా కాదా తేల్చాలి. చదునైన నేల మీద రెండు స్కీల మీదా సమంగా నిలబెట్టి, పాదం కింద కాగితం జరిపి చూడాలి. అది మడమ దగ్గర నుంచి ముందుకి సులువుగా కదలాలి. బరువంతా ఒక్క కాలి మీద వేసినప్పుడు మాత్రం బిగుసుకుపోవాలి. బిగుసుకోకపోతే ఆ స్కీ అతని బరువుకి మరీ గట్టిది. ఎంత నేర్పినా లాభం లేదు, స్కీ మార్చాల్సిందే. స్కీ సరిపోతే అప్పుడు వ్యాక్స్. మైనస్ 5 డిగ్రీల్లో కొత్త మంచుకి స్విక్స్ కంపెనీ వీ40 బ్లూ ఎక్స్‌ట్రా వ్యాక్స్ సరిపోతుంది. నాలుగైదు పల్చటి పూతలు, ప్రతి పూతనీ కార్కుతో రుద్దాలి. ఒకేసారి మందంగా పూస్తే మంచు అంటుకుని స్కీ ముందుకి కదలదు. కరిగి మళ్లీ గడ్డకట్టిన మంచు మీద ఇది నిలవదు, క్లిస్టర్ అనే జిగురులాంటి వ్యాక్స్ కావాలి.

అవన్నీ బాగున్నా జారుతుంటే తప్పు సమయంలో ఉంది. పాదాలు రెండూ పక్కపక్కకి వచ్చిన క్షణంలోనే కిందికి తొక్కాలి. పాదం వెనక్కి పోయాక తొక్కితే ఆ బలం వెనక్కి పోతుంది. స్కీ మధ్యలో పైకి లేచి ఉండే వంపు అణగదు, వ్యాక్స్ మంచుని తాకదు. ఎందుకు ఆలస్యమవుతోంది? బరువు రెండు కాళ్ల మధ్యే ఉండిపోతోంది కాబట్టి. ఒక్క స్కీ మీద నిలబడటానికి భయం, చూపు స్కీ కొసల మీద, నడుము దగ్గర వంగుడు. ఇతనికి 'ఇంకా గట్టిగా తన్ను' అని చెప్తే ఇంకా జారుతాడు. పోల్స్ (చేతికర్రలు) తీసేయించి, ఒక స్కీ విప్పించి, బూటు కాలితో నెట్టుకుంటూ పిల్లలు స్కూటర్ తోసుకున్నట్టు వెళ్లమనాలి. పది నిమిషాలు ఒక కాలు, పది నిమిషాలు రెండోది. నేర్పి చూపించే పరీక్షలోనూ ఇదే వరస: ఒక తప్పు, దాని కారణం, ఒక అభ్యాసం. కనిపించిన తప్పులన్నీ ఏకరువు పెడితే ఏదీ దిద్దినట్టు కాదు.

చేసి చూపాల్సినవాటిలో డయాగనల్ స్ట్రైడ్ (నడకలా ఎదురెదురు కాలూ చెయ్యీ కదపడం), డబుల్ పోల్ (రెండు పోల్స్‌తో ఒకేసారి నెట్టుకోవడం), హెరింగ్‌బోన్ (స్కీ కొసలు విప్పి వీ ఆకారంలో ఎత్తు ఎక్కడం), స్కీలతో పక్కలకి నెట్టుకుంటూ వెళ్లే స్కేటింగ్‌లో వీ1 (ఒకవైపు అడుగుకే పోల్స్ వేయడం), వీ2 (ప్రతి అడుగుకీ పోల్స్ వేయడం) సాధన చేసుకోవాలి. కెనడా వీడియోలు చూసేవాళ్లకి ఒక జాగ్రత్త: అక్కడ వీ1ని ఆఫ్‌సెట్ అనీ, వీ2ని వన్ స్కేట్ అనీ, వీ2 ఆల్టర్నేట్‌ని టూ స్కేట్ అనీ అంటారు. దిగుడులో స్కీ తోకల్ని విప్పి వేగం తగ్గించడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఈ స్కీలకి సాధారణంగా ఇనుప అంచులుండవు. భయంతో వెనక్కి కూర్చుంటే స్కీలు ముందుకి పరిగెడతాయి. చీలమండలు వంచి, రెండు పాదాల మీదా సమంగా నొక్కాలి.

పోల్ పొడవు క్లాసిక్‌కి ఎత్తులో 83 నుంచి 85 శాతం, స్కేటింగ్‌కి 90 శాతం దగ్గర. 170 సెంటీమీటర్ల మనిషికి క్లాసిక్ పోల్ 140 నుంచి 145, స్కేటింగ్‌ది 150 పైచిలుకు. పొడవైతే భుజాలు పైకి లేస్తాయి, మెడ పట్టేస్తుంది.

మన తెలుగు కుటుంబాలు మొదటిసారి వచ్చినప్పుడు లావుపాటి జాకెట్, జీన్స్ వేసుకుంటారు. పావుగంటలో చెమట పట్టి, ఆగగానే వణుకు. నూలు లేకుండా పల్చటివి రెండుమూడు పొరలు చాలు. బయల్దేరేటప్పుడు కాస్త చలి వేయాలి. నేను మొదట నేర్పించేది పడి లేవడం. పక్కకి పొర్లి, రెండు స్కీల్నీ వాలుకి అడ్డంగా పక్కపక్కన పెట్టుకుని, మోకాళ్ల మీదికి వచ్చి, ఒక పాదం ముందుకి జరిపి లేవాలి. పోల్స్ మీద బరువు మోపి లేవబోతే స్కీలు కింద నుంచి జారిపోతాయి. రెండు వైపులా మూడేసి సార్లు లేచాకే గాడిలోకి తీసుకెళ్తాను.