పరికికంప చాటున పొణికి మొలక

ఆరున్నరకు బెజవాడలో కొండపల్లి బస్సు ఎక్కాం, నేనూ నా స్నేహితురాలు సుజాతా. సంచిలో నైలాన్ తాడు, మేకులు, కొలత టేపు, ఆకులు అదిమి ఆరబెట్టడానికి పాత పేపర్లు, పెరుగన్నం. అటవీశాఖ అనుమతి కాగితం తడవకుండా కవర్లో పెట్టుకున్నాను. కార్తీక మాసం, రెండు రోజుల కిందటే వాన వెలిసింది.

ఖిల్లా వెనక చిట్టడవిలోకి దారి చూపించింది ఒకప్పుడు అక్కడ మేకలు కాసిన తాత. రాతి నేల, నడుమెత్తు పొదలు. కొండ దిగువన థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తూనే ఉన్నాయి.

అడవిలో ఏ చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్క తీయడం మా పని. సులువే, ఓపిక కావాలంతే. పది మీటర్ల చదరంగా తాడు కట్టి అందులోని చెట్లన్నీ లెక్కపెట్టాలి. నేల నుంచి 137 సెంటీమీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసుకోవాలి. పొదలకు అయిదు మీటర్ల గడి, గడ్డికీ చిన్న మొక్కలకూ ఒక మీటరు. రేల, ఊడుగ, బిల్లుడు, వాక్కాయ, నల్లేరు... పేర్లు నేను రాసేలోపే తాత చెప్పేస్తున్నాడు. బలుసు పొద దగ్గర ఆగి లేతాకు తుంచి నా చేతిలో పెట్టాడు. "బతికుంటే బలుసాకు తినొచ్చంటారు కదమ్మా, ఇదే అది." సామెత చిన్నప్పటి నుంచీ విన్నాను కానీ ఆ ఆకు రుచి చూడటం అదే మొదలు. కాస్త చేదు.

అసలు నేను వెతుకుతున్నది తెల్లపొణికి. కొండపల్లి బొమ్మలు ఆ కర్రతోనే చేస్తారు. తేలిక, మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. తలా చేతులూ విడిగా చెక్కి చింతగింజల గుజ్జు, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. కర్ర ఎంత మెత్తనో గింజ పెంకు అంత గట్టిది. ఓ పట్టాన మొలకెత్తదు.

మధ్యాహ్నానికి నాలుగు గడులు అయ్యాయి. పెద్ద చెట్లు మూడు దొరికాయి, పిల్ల మొక్క ఒక్కటీ లేదు. నాకు గుండె బరువెక్కింది. ఉన్నవాటిని కాపాడుకుంటే చాలదు, వాటి వెనక వచ్చేవి ఉండాలి కదా.

"బయట వెతికితే ఏం దొరుకుతుందమ్మా? లేత చిగురు కనబడితే మేక ఊరుకుంటుందా? కంపలో చూడు" అన్నాడు తాత.

అయిదో గడిలో పరికికంప ఒకటి గుబురుగా ఉంది. నేల మీద బోర్లా పడుకుని చూశాను. లోపల, కొక్కేల్లాంటి ముళ్ల మధ్య, జానెడు మొక్క. చెయ్యి దూర్చి ఆకు వెనక్కి తిప్పి వేలితో రాశాను. దూదిలాంటి తెల్లటి నూగు. పొణికే! మోచేతి మీద ముళ్లు గీరుకుపోయాయి, చొక్కా చిరిగింది. పక్క కంపలో ఇంకొకటి కనిపించింది.

పనికిరాని ముళ్లపొదలని ఇలాంటి చోట్లను నరికి చదును చేసి వరసగా మొక్కలు నాటేస్తుంటారు. అలాంటి మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆ రోజు మరీ ఎక్కువ వచ్చింది. ఈ కంపే కదా దాన్ని సాకుతున్నది!

ఫోటో తీయడానికి అడ్డంగా ఉందని సుజాత ఒక కొమ్మ వంచబోతే తాత వారించాడు. అలాగే వదిలేసి, ఎత్తు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకున్నాం: పొణికి మొలకలు 2, రెండూ పరికికంపలోనే.