రివర్స్ కెమెరా: పనంతా వైరు దగ్గరే

రివర్స్ కెమెరా పెట్టించేవాళ్లు పిక్చర్ క్వాలిటీ గురించే అడుగుతారు. నన్నడిగితే అసలు పని వైరింగ్‌లో ఉంది. డిక్కీ తలుపుకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది కదా, వైరు దాంట్లోంచే లాగాలి, కాస్త వదులుగా. బయటినుంచి తెస్తే తలుపు వేసినప్పుడల్లా నలిగి చివరికి తెగుతుంది. గొట్టం బిగుతుగా ఉంటే సిలికాన్ స్ప్రే కొట్టండి, జారిపోతుంది.

కరెంటు నేరుగా రివర్స్ లైటు నుంచి తీస్తే కొన్ని కొత్త కార్లలో బొమ్మ మినుకుమినుకుమంటుంది. ఆ బల్బుకి కరెంటు నిలకడగా కాక పల్సుల్లా వెళ్లడమే కారణం. కరెంటుని నిలకడగా చేసే 12 వోల్టుల ఫిల్టర్ రిలే, 1 ఆంప్ ఫ్యూజు వేయించండి.

ట్రిమ్ (లోపలి ప్లాస్టిక్ కవరు) బిగించకముందే స్క్రీన్ చూడండి. కుడి ఎడమలు తారుమారైతే సరిచేయడానికి చాలా కెమెరాల్లో సెట్టింగో, చిన్న లూప్ వైరో ఉంటుంది.