జాగింగ్‌కు ముందు టీఎంటీ: నా అనుభవం

నాకు 44 ఏళ్లు. మా నాన్నగారికి యాభై దాటకముందే గుండెపోటు వచ్చింది. పైగా విశాఖ బీచ్ రోడ్డు ఉక్కలో కాస్త పరుగెత్తితే చాలు, చేతి వాచీలో గుండె వేగం నిమిషానికి 160 దాటిపోతోంది. అందుకే మా డాక్టరుగారు ముందు పరీక్షలు చేయించుకోమన్నారు. ఈసీజీ ఇట్టే అయిపోయింది. ఎకో (గుండె స్కానింగ్) తీసింది లేడీ డాక్టరు, ఏ ఇబ్బందీ లేదు.

టీఎంటీ, అంటే ట్రెడ్‌మిల్ మిషన్ మీద నడిపిస్తూ గుండె పనితీరు చూసే పరీక్ష, దాని దగ్గరే నరకం చూశాను. గదిలో ఉన్నది మగ టెక్నీషియన్ ఒక్కడే. గౌనుకు తాళ్లు ఊడిపోయాయి, తలుపుకు గడియ లేదు, రిపోర్టులంటూ ఎవరో ఒకరు తోసుకొస్తున్నారు. ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు అతికించాలి కదా, నర్సును పిలవమన్నాను. "ఇంత సిగ్గయితే టెస్టుకెందుకొచ్చారమ్మా?" అన్నాడు, బయటివాళ్లకు కూడా వినపడేలా. ఏడుపొచ్చినంత పనైంది. అయినా నర్సు వస్తేగానీ మిషనెక్కనని భీష్మించుకుని కూర్చున్నాను. గంటకు నర్సును పంపించారు. అమ్మాయిలూ, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే గదిలో నర్సు ఉంటారా అని అడగండి. లేరంటే ఒక్క రూపాయి కట్టొద్దు. మనం డబ్బిచ్చి చేయించుకునే పరీక్షకు మాటలెందుకు పడాలి?

మూడేసి నిమిషాలకు మిషన్ వేగం, ఎత్తు రెండూ పెంచుతారు. మూడో దశలో నా గుండె వేగం 150 తాకింది. 220లోంచి వయసు తీసేస్తే నాకు 176, అందులో 85 శాతం అది. పరీక్షకు అంతవరకూ తీసుకెళ్తారు, డాక్టరు పక్కనుంటారు కాబట్టి. రోడ్డు మీద అంత అక్కర్లేదట. కొత్తలో 50 నుంచి 70 శాతం మధ్య, అంటే నాకు 88 నుంచి 123 దాకా చాలన్నారు మా డాక్టరుగారు. ఈ లెక్క అందరికీ కచ్చితంగా సరిపోదు, పది అటూ ఇటూ ఉండొచ్చు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు దీన్ని అసలు నమ్ముకోకూడదు, ఆ మందులు గుండె వేగాన్ని తగ్గించేస్తాయి.

వాచీ మీద అనుమానమొస్తే ఆగి, మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తున్నాను. పక్కమనిషితో మాట్లాడగలిగితే సరైన వేగమే, మాట తెగుతుంటే తగ్గించాలి. ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగినా వాచీలో ఎంతుందని చూడొద్దు, వెంటనే ఆగిపోండి.

ప్రస్తుతం రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. ఉక్క ఎక్కువున్న రోజు ఉత్త నడకే.